మరిగే నీళ్లలో ఉప్పు

మొన్న మంత్రాలయంలో లాడ్జి గదిలో పెట్టిన కరెంటు కెటిల్‌లో నీళ్లు మరిగి, అది తనంతట తానే ఆగిపోయాక, కాఫీ కలుపుకోవడం మరచి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నీళ్లు మరుగుతుంటే నాకు ఈనాటికీ ఒక ఆడపిల్ల ముఖం గుర్తుకొస్తుంది. మీలో పాఠాలు చెప్పి బతికినవారుంటే నా బాధ అర్థమవుతుంది.

ఆదోని నుంచి రోజూ బస్సులో ఎమ్మిగనూరు వెళ్లి సైన్సు చెప్పే కొత్త టీచరుని అప్పట్లో. బడిలో ఒక స్పిరిట్ దీపం, రెండు గాజు పాత్రలు, ఒకే ఒక్క థర్మామీటరు ఉండేవిగానీ, పగిలితే సంజాయిషీ ఎవరిచ్చుకోవాలన్న భయంతో హెడ్మాస్టరు వాటిని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. అందుచేత వేడిచేస్తే మైనం కరుగుతుందనీ, కర్పూరం కరగకుండానే ఆవిరైపోతుందనీ, నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయనీ నల్లబల్ల మీద రాసేదాన్ని, పిల్లలు బట్టీ పట్టేవారు.

ఎనిమిదో తరగతిలో, నూలుకు రంగులు వేసే ఆయన కూతురు ఒకతె ఉండేది. గోళ్లలో ఎప్పుడూ నీలం రంగే. ఒకనాడు పాఠం మధ్యలో లేచి నిలబడి, మరగడాన్ని వాళ్లింటి మాటలో 'తెర్లడం' అంటూ చెప్పింది.

"టీచరమ్మా, అన్ని నీళ్లూ ఒగే తీరున తెర్లవు. తెర్లే రంగునీళ్లల్లో మా నాయన ఉప్పేస్తే తెర్లేది నిలిచిపోతాది. మల్లా కట్టెలు ఎగదోస్తేనే తెర్లుతాది."

నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి చిన్నతనమనిపించి, "పుస్తకం రాసినవాళ్లకన్నా నీకెక్కువ తెలుసా?" అన్నాను. తరగతంతా నవ్వింది. పరీక్షలోనూ ఆ పిల్ల తాను చూసిందే రాస్తే, ఎర్రసిరాతో కొట్టేసి, తండ్రిని పిలిపించి మొండిదని చెప్పాను. ఆయన తల వంచుకుని విని, "సదువు అబ్బదంటే ఇంగ ఎందుకులేమ్మా, ఇంట్లో పనికన్నా వస్తాది" అని కూతుర్ని వెంటబెట్టుకుని పోయినవాడు మళ్లీ పంపలేదు.

మరుసటి ఏడు వచ్చిన కొత్త హెడ్మాస్టరు బీరువా తాళం తీయించారు. మరిగే నీళ్లలో ఉప్పు వేసి చూశాను. మరగడం ఆగింది. మళ్లీ మరిగేసరికి పాదరసం మొదటిసారి ఆగిన గీత దాటి పైకి పోయింది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. ఆ పిల్ల ఆవిర్ల మధ్య నిలబడి కర్రతో నూలు తిప్పుతోంది. నేను చూసినదంతా చెప్పినా తిప్పడం ఆపలేదు.

"నాకు తెల్సు టీచరమ్మా. దినామూ సూస్తాండా కదా."

మళ్లీ బడికి రమ్మన్నాను.

"నా జతోల్లు తొమ్మిదికి పోయినారు. ఇంగ నేను ఎవురి పక్కన కూసోవల్ల?"

తప్పు నాదేనన్న ఒక్క మాట అనకుండా, బస్సు వేళవుతోందని చెప్పి వచ్చేశాను.

ఇప్పుడు ఆ వీధిలో పొయ్యిలూ లేవు, రంగు తొట్లూ లేవు; ఆ కుటుంబం ఎటు పోయిందో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఈనాటి ఆడపిల్లలు ఏ బెరుకూ లేకుండా టీచరుకు ఎదురు ప్రశ్నలు వేస్తుంటే ముచ్చటేస్తుంది, వెంటనే మనసు చేదవుతుంది. క్షమించమని అడిగే ధైర్యం ముసలితనంలో వచ్చింది నాకు. ఎవరిని అడగాలో ఆ మనిషి మాత్రం దొరకలేదు.