రెండు మాఫీలు

ఓబులేసుది రాయచోటి పక్క పల్లె. అరబ్బు దేశంలో, అల్ రయ్యాన్‌లో ఒకే ఇంట్లో పదకొండేళ్ళు డ్రైవరుగా చేశాడు. అతనికొచ్చిన అరబ్బీ ఇరవై మాటలుంటాయేమో. ఎక్కువగా వాడేది ‘మాఫీ’. మన మాఫీ కాదు, అక్కడ ‘లేదు’ అని అర్థం. పెట్రోలు మాఫీ, పార్కింగ్ మాఫీ, నిద్ర మాఫీ.

ఒకరోజు కారులో మేడమ్ పెట్టిన చేతిసంచి మాయమైంది. అందులో గడియారం, ఉంగరం ఉన్నాయి. స్టేషన్లో గడియారం సంగతి అడిగితే ‘మాఫీ’ అన్నాడు. ఉంగరం సంగతి అడిగినప్పుడూ అదే మాట, కాకపోతే చేతులు జోడించాడు. భయమేస్తే మనవాళ్ళ చేతులు వాటంతటవే కలుస్తాయి. అక్కడున్న దుబాసీ హిందీవాడు. మొదటిదాన్ని ‘లేదు’ అనీ, రెండోదాన్ని ‘క్షమించండి’ అనీ రాయించాడు.

తీర్పూ అలాగే వచ్చింది. గడియారం కేసు కొట్టేశారు. ఉంగరానికి శిక్ష వేసి, ఆపైన దేశం నుంచి పంపేయమన్నారు. అప్పీలు తేలేదాకా బయట ఉండనిచ్చారు.

పనీ పోయింది, గదీ పోయింది. ఏషియన్ టౌన్ దగ్గర ఒక గదిలో మంచం దొరికింది. పక్కమంచం జగిత్యాల నిసార్ అహ్మద్‌ది. అరబ్బీ టైపింగ్ అతని పని. తీర్పు చదివి పగలబడి నవ్వాడు.

“గిదేందన్నా! ఒక్కటే సంచి, ఒక్కటే మాట. నిన్ను సగం దొంగను, సగం దొరను జేసిండ్రు!”

“నవ్వాకు నిసారూ. దొంగ అని పంపిస్తే అంకాలమ్మ ఊర్లో తలెత్తుకోని యెట్ల తిరుగుతాది?”

అంకాలమ్మ అతని భార్య. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా ‘డ్యూటీలో ఉండా’ అని పెట్టేసేవాడు. తర్వాత క్రికెట్ మైదానం గట్టు మీద, ఎవరు గెలుస్తున్నారో కూడా చూడకుండా కూర్చునేవాడు. గదిలో ఎనిమిదిమంది. అతనితో మాట్లాడేది నిసార్ ఒక్కడే, అదీ డ్యూటీ లేనప్పుడు.

ఒకే సంచికి, ఒకే జవాబుకి రెండు తీర్పులెలా అని వకీలు చేత అప్పీలులో రాయించింది నిసారే. “తెలుగు దుబాసీని అడుగు. కోర్టుల మళ్ల మాఫీ అన్నవో, సంపుత!”

వాయిదా రోజు తెలుగు దుబాసీగా శివకుమారి అనే ఆవిడ వచ్చింది. ఉంగరం తీశావా అని జడ్జి ప్రశ్న. ఓబులేసు చేతులు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాడు.

“తీల్యా సారూ. ఆ పొద్దు సెప్పిందీ అదే.”

మూడు వారాలకు రెండో కేసూ కొట్టేశారు. ఆ కబురు చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. కోర్టు వరండాలో నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

“ఇన్ని నెల్లు నోరు కుట్టేసుకున్న్యావే? ఏమన్నా తప్పు సేసినావా?” అంది అంకాలమ్మ.

లేదనబోయాడు. పదకొండేళ్ళ అలవాటు నోటికొచ్చింది.

“మాఫీ.”

“దేనికి?”

 మేడమ్ చేతిసంచి దగ్గర్నుంచి అంతా చెప్పడం మొదలుపెట్టాడు ఓబులేసు.