వికారాబాదు నుంచి షుగరు మిషన్‌తో

గురువారం పొద్దున తాండూరు స్టేషన్‌లో ఎనిమిది గంటల ప్యాసింజరు ఎక్కాం, నేనూ మా అక్క సుశీలా. అక్క ఇంట్లో జాకెట్లు కుడుతుంది. చాలా ఏళ్లుగా షుగరు, రోజూ ఇన్సులిన్ సూది. కిందటి నెల పొయ్యి దగ్గర స్పృహ తప్పి పడిపోయింది. ఆ పొద్దున మూత్రం పరీక్షలో షుగరే కనిపించలేదు. మరెందుకు పడిందో మాకు అర్థం కాలేదు. వికారాబాదు డాక్టరు విని, "మూత్రంల షుగరు ఎక్కువైతేనే తెలుస్తదమ్మా, తక్కువైతే తెల్వదు. ఇంట్లనే రక్తం చూస్కునేటివి వచ్చినయి. అమ్మేటాయన గురువారం మా దవాఖానకు వస్తడు" అన్నాడు. అందుకే బయలుదేరాం.

బండి ఖాళీగానే ఉంది. ఎదురు సీటులో ధారూరులో దిగవలసిన రైతు ఒకాయన మా పని విని, "రక్తం జూసే మిషనా? గడియారమోలె ఉంటదా?" అని అడిగాడు. మేమూ చూడలేదన్నాం.

తొమ్మిది దాటాక వికారాబాదులో దిగి, స్టేషను బయట నేను చాయ్ తాగి, రిక్షాలో దవాఖానకు వెళ్లాం. అమ్మే ఆయన వచ్చేసరికి పదకొండున్నర. ఆయన బల్లమీద రెండు రకాలు పెట్టాడు. ఒకటి మిషన్ లేనిది. పట్టీ మీద రక్తపు చుక్క వేసి, నిమిషం ఆగి, దూదితో తుడిచి, మారిన రంగును డబ్బా మీది రంగులతో పోల్చుకోవాలి. రెండోదానికి కూడా చుక్క, తుడవడం అన్నీ ఉన్నాయి గాని, పట్టీని మిషన్‌లో పెడితే అంకె కనిపిస్తుంది.

అక్క డబ్బాను కిటికీ దగ్గరికి తీసుకుపోయి తిప్పి తిప్పి చూసింది. "చెల్లె, గీ పచ్చకు గా పచ్చకు ఫరక్ నాకైతే కనవడ్తలేదు. సూదిల దారమే నువ్వెక్కిస్తున్నవ్. అంకెదే తీస్కుందాం" అంది. పట్టీలు నెలనెలా ఆయన దగ్గరే దొరుకుతాయని అడిగి తెలుసుకుని మిషన్ తీసుకున్నాం. చేతులు కడుక్కున్నాకే వేలు పొడుచుకోవాలనీ, పట్టీల డబ్బా మూత వెంటనే పెట్టాలనీ, అంకె డెబ్భైకన్నా తగ్గితే షుగరు తక్కువైనట్టనీ ఆయన రెండుసార్లు చెప్పాడు.

ఆ హడావుడిలో తిండి మరిచాం. రెండు గంటల బండి అందుకుని కూర్చున్నాం. ధారూరుకు ముందు సిగ్నల్ లేక బండి ఆగింది. చూస్తే అక్క నుదుటి నిండా చెమట, చేతులు వణుకుతున్నాయి. నేను రొట్టెల డబ్బా విప్పబోతే నా చెయ్యి పట్టుకుంది.

"వద్దే. షుగర్ పెర్గింది. గిట్లయినప్పుడు నేనేం తినను."

పక్కన బుర్ఖాలో ఉన్న పెద్దామె, తాండూరులో కూతురింటికి పోతున్నదట, "అయ్యో బిడ్డ, మొఖం తెల్లగైంది" అని కంగారు పడింది. నేను మిషన్ తీశాను. సీసా నీళ్లతో అక్క వేలు కడిగి, తుడిచి, పొడిచాను. చుక్కను పట్టీ మీద వేసి, నిమిషం ఆగి, తుడిచి, మిషన్‌లో పెట్టాను. నలభై ఎనిమిది!

"తక్కువుందక్కా, పెరగలే!"

అక్క నమ్మలేదు. మిషన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదువుకుంది. అప్పటికే పెద్దామె సంచిలోంచి మనవరాలికని తెస్తున్న షర్బత్ సీసా మూత తీసేసింది. "ఫికర్ జెయ్యకు, తాగు బిడ్డ" అంది. అక్క తాగింది. కాసేపటికి వణుకు తగ్గింది. మళ్లీ చూస్తే తొంభై దాటింది. అప్పుడు జొన్నరొట్టె, పప్పు పెట్టాను.

ఒక రొట్టె తిని అక్క కిటికీవైపు తిరిగింది. ఏడుస్తోందని భుజాలు చూసి తెలిసింది.

"గిన్నేండ్లు గిట్లయినప్పుడల్లా పస్తులున్న చెల్లె. పండుగ పూట గూడ. గా దినం పొయ్యి కాడ అన్నం ముందట్నే ఉండె."

ఇంకో రొట్టె చేతిలో పెట్టాను.

బండి కదిలింది. పెద్దామె మెల్లగా, "మా ఆయనకు గూడ షుగరే. నమాజు కాడ చెమటలు వట్టి కూలవడ్తడు. పెర్గిందని చాయ్ల చక్కెర గూడ బంద్ జేసినం" అంది. అక్క కళ్లు తుడుచుకుని ఆమెవైపు జరిగి కూర్చుంది. ఇన్సులిన్ తీసుకుంటాడా, ఎప్పుడు తింటాడు అని అడిగింది. ముందు తియ్యటిది తాగించాలని, తర్వాత డాక్టరుకు చూపించాలని, వికారాబాదులో ఏ వీధికి పోవాలో, గురువారమే ఎందుకు పోవాలో అంతా చెప్పింది. తాండూరు వచ్చినా ఇద్దరూ లేవలేదు. నేనే సామాను దించి, కిందనుంచి పిలిచాను.