నోరు తెరిచి చూపించాను

అక్షరాల్లో తప్పులుంటే ఏమీ అనుకోకండి, నేను చదివింది ఏడో తరగతే.

నాకిప్పుడు ఆరో నెల. ఐరన్ మాత్రలు ఎన్ని వేసుకున్నా రక్తం పెరగలేదు. దొడ్లో పారేస్తున్నానని మా అత్తయ్యకు అనుమానం. రెండు నెలలుగా తనే దగ్గరుండి మాత్ర మింగించి, నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూస్తున్నారు.

ఈ రోజు విజయవాడలో రక్తం జబ్బుల డాక్టరుగారు రిపోర్టులు చూశారు. "అమ్మాయి తప్పేం లేదండీ. ఇది అరుదుగా వచ్చే జబ్బు. ఒంట్లో తయారైన రక్తాన్ని ఒళ్ళే నాశనం చేసేస్తోంది. ఐరన్ ఒక్కటే చాలదు, వేరే మందు రాస్తున్నాను. వారం వారం రక్తపరీక్ష చేయించండి. బిడ్డ ప్రస్తుతానికి బాగానే ఉంది."

"అయితే మాత్రలు మింగుతూనే ఉందంటారా?" అన్నారు అత్తయ్య.

"మింగుతూనే ఉందండీ."

బస్సు గుణదల దాటి ఊరు చేరేదాకా ఆవిడ ఆ రిపోర్టులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నారు. నాకు కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. అన్నం తిన్నాక కొత్త మాత్ర నా చేతిలో పెట్టారు. మింగి, అలవాటుగా నోరు తెరిచాను.

"చాల్లేవే అమ్మా, ఇంక చూపించక్కర్లేదు" అని అటు తిరిగిపోయారు.

మీకైతే ఏమనిపించేదో చెప్పండి. నాకింకా ఏమీ అనిపించడం లేదు. అత్తయ్య ఫోను ఛార్జింగ్‌లో ఉంది. ఆవిడ దాన్ని తీసి చూసేలోపు నా ఫోనులోంచి ఈ వాట్సాప్ స్టేటస్ చెరిపేస్తాను, మీరూ మర్చిపోండి.