లోపలికి తెరుచుకునే తలుపు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఎమ్మే పాసై ఇంకా ఉద్యోగం దొరకని ఇరవై మూడేళ్ల అమ్మాయికి ఉండేటంత జ్ఞానం ఈ లోకంలో మరెవరికీ ఉండదు. ఆ తర్వాత ఏటికేడు అది తరుగుతూ వస్తుంది (ఇప్పుడు నాకు నలభై ఎనిమిది, మిగిలింది చారెడు). ఆ జ్ఞానం దాచుకోవడానికి ఇల్లు చాలక, వాదన రూపంలో వీధంతా చల్లేదాన్ని. కూరగాయలమ్మేవాళ్లు మా గడప ముందు కేక వేయకుండా నడిచిపోయేవాళ్లంటే నమ్మండి. అలాంటి దాని చేతికి మా నాన్న ఒక బాధ్యత అప్పగించాడు. తప్పు ఎవరిదో మీరే చెప్పండి.

కల్లూరులో మా ఇల్లు అప్పటికి రెండు గదులది. ఇంకో రెండు వేయిద్దామని నాన్న పని మొదలుపెట్టాడు. తలుపులు ఊడదీసి గోడకు ఆనించారు, పొద్దస్తమానం పనివాళ్లు వచ్చిపోతున్నారు. ఇంట్లో విలువైనవి ఉన్నవే కొన్ని: అమ్మ పట్టుచీరలు, జేజి (నాన్న తల్లి) కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి సామాను, ఇంటి కాగితాలు, అన్నిటికంటే ముఖ్యంగా నా సర్టిఫికెట్లు. వీటన్నిటినీ పని అయ్యేదాకా భద్రంగా పెట్టడానికి పెరట్లో ఒక చిన్న కొయ్యగది కావాలి. "చదువుకున్నదానివి, నువ్వే చూసి చేయించు పాపా" అన్నాడు నాన్న. జేజి మాత్రం నవ్వింది. "దొంగలకు వేరే పని లేదనుకుంటివా? నీ సర్టిఫికెట్లు ఎత్తకపోయి ఏం జేసుకుంటారమ్మే, పాఠాలు చెప్పుకుంటారా?"

అమ్మ ఒక పాత బంకు కొనేద్దామంది. అదే, బస్టాండు దగ్గర బీడీలూ సోడాలూ అమ్మే చెక్క బంకు. మూడువైపులా తలుపులున్న దాన్ని భద్రమంటారా అని నేను ఒక గంట మాట్లాడాను. నాన్న రేకుల గది అన్నాడు. రేకును కత్తెరతో కోయొచ్చని ఇంకో గంట. చివరికి కట్టెల డిపోకి నేనే వెళ్లి, టేకునూ వేపనూ మద్దినీ వేళ్ల కణుపులతో కొట్టి, చెవి ఆనించి విన్నాను (ఏం వినిపిస్తుందో నాకూ తెలియదు, కానీ అలా చేస్తే తెలిసినట్టుంటుంది). డిపో ఆయన నాన్నతో, "ఏమప్పా, మీ పాప మా కొయ్యలకు జొరం సూస్తాండాదా?" అన్నాడు. ఆ మాటకు పంతం పట్టి, అన్నిటికంటే బరువైన టేకు చెక్కలే తీసుకున్నాను.

పని చేసింది పెన్సిల్ మామ. చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ఉండే వడ్రంగి. తలస్నానం చేసినప్పుడు కూడా దాన్ని తీయడని వాళ్లావిడే చెప్పేది. ఆయనకు నేను చెప్పిన షరతులు ఇవి: కిటికీ వద్దు, స్క్రూ తల ఒక్కటీ బయటికి కనిపించకూడదు, తలుపు మడతబందులు లోపలే ఉండాలి, అంటే తలుపు లోపలికి తెరుచుకోవాలి. బయట బందులుంటే దొంగ బీగం జోలికే పోకుండా బందులు ఊడదీసి తలుపునే భుజాన వేసుకుపోతాడని నా సిద్ధాంతం.

మామ పెన్సిల్ తీసి చెవి గోక్కున్నాడు. "పాపా, ఇంత చిన్న గదికి తలుపు బయటికే తెరుచుకోవల్ల. లోపలేదన్నా అడ్డం పడిందనుకో, ఎట్ల తీస్తావు?"

"అడ్డం ఎందుకు పడుతుంది మామా? సర్దేది నేను."

"సర్దేది నువ్వే గాని, పడేది అది గదా."

ఈ వాదన ఎంతకీ తెగేది కాదు గానీ, అంతవరకూ వక్క నములుతూ కూర్చున్న జేజి అనూహ్యంగా నా వైపు దూకింది. "యాడన్నా తలుపు బయటికి తెరుచుకుంటాదా ఆచారీ? లచ్చిమి వచ్చి గడపలో నిలబడితే, తలుపుతో ఎదురు నెట్టినట్టుండదూ?" జేజీ నేనూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు, అదే ఆఖరు. ఎమ్మే ఒకవైపు, లక్ష్మీదేవి ఒకవైపు నిలబడ్డాక పెన్సిల్ మామ ఏం చేయగలడు? పెన్సిల్ మళ్లీ చెవి మీద పెట్టుకుని రంపం తీసుకున్నాడు.

గది తయారైంది. గోడలకు ఆనించకుండా, చెదలు పట్టకుండా, నాలుగు ఇటుకల మీద అడుగు ట్రంకుపెట్టె, దాని మీద ఇంకో ట్రంకుపెట్టె, పైన ఇత్తడి గంగాళం, గంగాళంలో నా సర్టిఫికెట్ల ఫైలు. బీగం చెవి దారానికి కట్టి నా మెడలో వేసుకున్నాను. ఇక నా పాలన మొదలైంది. అమ్మ చీర అడిగితే ఎవరి పెళ్లి, ఎప్పుడు తిరిగి పెడతావు అని ఆరా తీసేదాన్ని. వీధిలోవాళ్లు అది అచ్చం బంకులా ఉందని, "ఏం పాపా, టీ ఎప్పుడు మొదలుపెడతావు?" అని ఎగతాళి చేసినా చలించలేదు. పైగా నా అధికారాన్ని ఇంకో వస్తువుకు కూడా విస్తరించాను. జేజికి చక్కెర జబ్బు. తీపి ముట్టకూడదని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చినవాళ్లకు పెట్టడానికి అమ్మ చేసే నువ్వుల ఉండల డబ్బాను జేజి కళ్లముందే తీసుకుపోయి, అడుగు ట్రంకుపెట్టె కింద, ఇటుకల సందులో పెట్టి బీగం వేశాను. జేజి ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనకపోతే అనుమానించాలని అప్పటికి నాకు తెలియదు.

ఉండలు తగ్గుతూ వచ్చాయి. ఎలుకలనుకున్నాను. మందు పెడతానంటే జేజి అడ్డుపడింది. "నోరులేని జీవాలమ్మే. ఒకటీ అరా తింటే తిననీ. నీదేం పోతాది?" ముసలితనంలో జేజికి భూతదయ పెరిగిందని మురిసిపోయాను.

సరిగ్గా అప్పుడే మైదుకూరులో ఒక జూనియర్ కాలేజీ నుంచి కబురొచ్చింది. పౌరశాస్త్రం పాఠాలు చెప్పే ఉద్యోగం. ఫలానా రోజు మధ్యాహ్నం రెండు లోపల ఒరిజినల్ సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి. రాకపోతే జాబితాలో తర్వాతి మనిషిని పిలుస్తారు. ఏడాదిగా ఎదురుచూస్తున్న ఉద్యోగం. ఎనిమిది గంటల బస్సు పట్టుకోవాలి. ఆ పొద్దున ఆరున్నరకే గంజి పెట్టిన చీర కట్టుకుని, బీగం తీసి, తలుపు నెట్టాను. వేలు పట్టేంత తెరుచుకుని ఆగిపోయింది. మళ్లీ నెట్టాను. లోపల గంగాళం ఖంగుమంది. ఆ సందులోంచి చూస్తే ట్రంకుపెట్టెలు రెండూ ముందుకు ఒరిగి, తలుపుకు భుజాలు ఆనించి పడుకున్నాయి.

నాన్న నెట్టాడు. పనికొచ్చిన మేస్త్రీ నెట్టాడు. పక్కింటి వాళ్లు ముగ్గురు వచ్చి నెట్టారు. గది మొత్తం అంగుళం వెనక్కి జరిగింది గానీ తలుపు జరగలేదు. బందులు ఊడదీద్దామంటే లోపలున్నాయి. స్క్రూలు తీద్దామంటే తలలు లోపలున్నాయి. దొంగ కోసం నేను ఆలోచించి పెట్టిన ప్రతి అడ్డంకీ ఒక్కొక్కటే నన్ను పలకరించింది. ఏడుంబావు అయింది. నేను ఏడవడం మొదలుపెట్టాను. వాదించడానికి ఎదురుగా ఎవరూ లేకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

పెన్సిల్ మామ వచ్చాడు. తలుపు వంక చూడనైనా లేదు. జేజి వంక చూశాడు. జేజి ఆకాశం వంక చూసింది.

"కోసెయ్ ఆచారీ, పోతే పోనీ తలుపు" అన్నాడు నాన్న.

"టేకప్పా. కోసేసరికి బస్సు నంద్యాల దాటుతాది" అన్నాడు మామ. మళ్లీ జేజి వైపు తిరిగాడు. "అవ్వా, నేనైతే నీకిచ్చిన మాట తప్పను. నువ్వే చెప్పల్ల."

అందరి చూపులూ జేజి మీద పడ్డాయి. జేజి నా ముఖం చూసింది, నా తడిసిన చీర చెంగు చూసింది. వక్క ఉమ్మేసి లేచింది. గది వెనక్కి నడిచి, కింది వరసలో ఒక వెడల్పాటి చెక్కను అరచేత్తో పక్కకు తోసింది. కిటికీ తెర జరిగినంత సులువుగా జరిగింది.

"నా డబ్బాకూ బీగం పడతాదని తెలిసి, గది చేసేటప్పుడే పెట్టించుకున్న్యా" అంది, ఎవరికీ కాకుండా గోడకు చెప్పినట్టు. "నిన్న మధ్యానం డబ్బా లోపలికి జారింటే కర్రతో లాగబోతి. కర్ర తగిలి తలుపు తట్టు ఇటుక ఎగిరిపాయ. దడామనె. నేను గమ్మున చెక్క మూసి వచ్చి పండుకుంటి."

నా అభేద్యమైన కోటకు మూడు నెలలుగా వెనకవైపు దారి ఉంది. దొంగ తప్ప అందరూ వాడుకుంటున్నారు. (అమ్మ కూడా రెండు చీరలు ఆ దారినే తీసుకుందని తర్వాత తెలిసింది.) "నువ్వు అడ్డం పడదంటివి గదా పాపా," అన్నాడు మామ, "నాకు నమ్మకం ల్యాకపాయ. అవ్వ అడిగింటే, సరే, ఇద్దరికీ పనికొస్తాదిలే అనుకుంటి."

అప్పట్లో నేను ఆ సందులో పట్టేదాన్ని (నవ్వకండి). గంజి చీరతోనే బోర్లా పడుకుని పాకాను. గంగాళం బోర్లా పడి ఉంది, దాని పక్కన ఫైలు, ఫైలు మీదికి మూత ఊడి ఒరిగిన డబ్బా. ఫైలూ డబ్బా రెండూ పట్టుకుని, సాలీడు గూళ్లతో బయటికి వచ్చాను. అందరూ నా ఉపన్యాసం కోసం ఆగారు. చక్కెర జబ్బు మీద నా దగ్గర అరగంటకు సరిపడా ఉంది మరి.

"తిట్టేది సాయంత్రం తిడుదువులేమ్మే," అంది జేజి, నా జుట్టులో బూజు తీస్తూ. "నేను యాడికీ పోను. బస్సు పోతాది."

నేను డబ్బాలోంచి ఒక ఉండ నోట్లో వేసుకుని, డబ్బాను చెక్క సందులోంచి లోపలికి తోసి, పరుగెత్తాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ సరైన వాదన దొరకలేదు. మైదుకూరులో ప్రిన్సిపాల్‌గారు నా డిగ్రీ పట్టా మీద అంటుకున్న నువ్వుగింజను గోటితో గీకుతూ, "ఇదేంది తల్లీ?" అన్నారు. "మా జేజి సంతకం సార్" అన్నాను. ఉద్యోగం వచ్చింది. ఇంట్లో మూడు నెలలు నిరంకుశంగా ఏలిన నేను, ఆ మర్నాటి నుంచి పిల్లలకు ప్రజాస్వామ్యం గురించి చెబుతూ వచ్చాను.

జేజి పోయి చాలా ఏళ్లయింది. ఆ కొయ్యగది కూడా పాడైపోయింది. ఈ మధ్య మా పెరట్లో, ఆవిడ ఇత్తడి సామాను పెట్టడానికి మళ్లీ ఒకటి చేయిస్తున్నాను. ఈసారి షరతులు చెబుతున్నది మా కూతురు. నంబర్ల తాళమట, కెమెరా అట. దానికిప్పుడు ఇరవై మూడు, దానికి తెలియనిదేమీ లేదు. పోయిన ఏడాది నా రక్తపరీక్ష చూసినప్పటి నుంచి వంటింట్లో బెల్లం డబ్బా కూడా దాని అదుపులోనే ఉంది. కొత్త వడ్రంగి కుర్చీ లాక్కుని కూర్చుని, తలుపు ఎటు తెరుచుకోవాలి మేడమ్ అన్నాడు. బయటికి అన్నాను, ఇద్దరూ ఆశ్చర్యపోయేంత వెంటనే. అమ్మాయి ఫోనొచ్చి లోపలికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి, వెనకవైపు కింది వరసలో ఒక చెక్క బిగించకుండా వదలమని చెప్పాను.

"ఏంటికి మేడమ్?"

"గాలికి."

అతను టేపు తీశాడు. నా ముఖం చూశాడు. మళ్లీ టేపు చూశాడు.

"ఎంత గాలి మేడమ్? చెయ్యి పట్టేంతనా?"

"డబ్బా పట్టేంత" అన్నాను.