గొట్టం విప్పి చల్లిన మందు

మా అత్తకి కాలి మీద పుండు తగ్గినట్టే తగ్గి మళ్ళీ చీము పట్టింది. మంగినపూడి నుంచి బందరు దాకా చేపల గంప మోసుకుంటూ తిరిగే మనిషి. కాలికి గుడ్డ చుట్టుకుని "ఏం లేదులేవే" అంటూనే ఉంది. ఆ మాట నాకు పుట్టిన దగ్గర్నుంచీ పడదు. పోట్లాడి ఆటో ఎక్కించి, బందరులో ముందు చూపించిన డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది. "మామ్మగారూ, నేనిచ్చిన గొట్టం బిళ్ళలు, ఆ క్యాప్సూళ్ళు, అన్నీ వాడారా?" అని అడిగింది.

"సగం వాడానమ్మా. తగ్గిపోయాక ఇంకెందుకని ఆపేశాను."

"పైకి తగ్గినట్టు కనపడినా లోపల క్రిములు మిగిలే ఉంటాయండి. అందుకే చెప్పినన్నాళ్ళూ వేసుకోమన్నాను. వేసుకున్నప్పుడు దద్దుర్లు గానీ ఆయాసం గానీ రాలేదు కదా?"

"అబ్బే, నాకు బాగానే పడ్డాయి."

"మరి మిగిలినవి ఏం చేశారు?"

అత్త కాస్త గర్వంగానే చెప్పింది. "పారేస్తానా అమ్మా, అంత మంచి మందుని. మావోడి బోటు డబ్బాలో వేశాను. సముద్రం మీద ఎవుడికన్నా అక్కరకొస్తాయని."

నేను వెంటనే ఫోన్ తీశాను.

మా పేటలో అదొక ఆనవాయితీ. బోటు వేటకి బయల్దేరే ముందు, ఇళ్ళల్లో మిగిలిపోయిన బిళ్ళలన్నీ తెచ్చి ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోస్తారు. జ్వరానివి, విరేచనాలవి, పుండుకి వాడేవి, అన్నీ కలిసే ఉంటాయి. అట్టలు కత్తెరతో ముక్కలు చేసి ఉంటాయి కాబట్టి మందు పేరు ఎవరింట్లోనో ఉండిపోతుంది, బిళ్ళ మాత్రం సముద్రం మీదికి వెళ్తుంది. అది పుణ్యమని మా వాళ్ళ నమ్మకం. ఇది తప్పని నేనెన్నిసార్లు నోరు చేసుకున్నానో. చదువుకున్న కోడలు కదా, అలాగే అంటుందిలే అని నవ్వేవాళ్ళు.

ఆ బోటు మీదున్నది అత్త కొడుకు, మా ఆయన. ఆయనకి ఆ మందు పడదు. పెళ్ళైన కొత్తలో గుడివాడలో మా అక్క ఇంటికి వెళ్ళినప్పుడు, పన్ను నొప్పిగా ఉందని షాపులో అడిగి ఒక గొట్టం తెచ్చి మింగాడు. కాసేపటికే పెదాలు బూరెల్లా ఉబ్బాయి, గొంతు పట్టేసి ఊపిరి అందలేదు. ఆసుపత్రిలో ఇంజక్షన్లు చేసి నిలబెట్టారు. అక్కడి డాక్టరుగారు, "ఈ జాతి మందు నువ్వు జన్మలో మింగకూడదు. ఎక్కడికెళ్ళినా ముందు ఈ సంగతే చెప్పు" అని మరీ మరీ చెప్పి పంపారు. అత్తకీ తెలుసు ఆ సంగతి. కాకపోతే అప్పటి గొట్టం రంగు వేరు, ఇప్పటి గొట్టం రంగు వేరు. రంగు మారితే మందు కూడా మారినట్టే అనుకుంది పాపం.

ఇంకో సంగతి కూడా ఉంది. ముందు రోజు వేటకి వెళ్ళేటప్పటికే ఆయన చేతికి జెల్ల చేప ముల్లు దిగి, బొటనవేలు ఎర్రగా వాచి ఉంది. వద్దంటే విన్నాడు కాదు.

ఫోన్ చేస్తే అందుబాటులో లేదని వస్తోంది. ఒడ్డు దాటి కొంత దూరం పోయాక సిగ్నల్ ఉండదని తెలిసీ, పిచ్చిదానిలా చేస్తూనే ఉన్నాను. నేను చెప్పిందంతా విని డాక్టరమ్మ అత్తకి మళ్ళీ అవే గొట్టాలు రాసిచ్చి, ఈసారి పూర్తిగా వాడమని చెప్పి, తన నంబరు నా చేతిలో పెట్టింది. "ముందు బోటుకి కబురు పంపండి. ఏదైనా తేడా ఉంటే వెంటనే నాకు చెప్పండి" అంది.

బోటు ఓనరు గిలకలదిండి రేవు దగ్గర ఉంటాడు. చుట్టరికం లేకపోయినా మావయ్యా అనే పిలుస్తాం. ఆయన ఇంట్లో వైర్‌లెస్ సెట్టు ఉంది. వెళ్ళేసరికి వల బాగుచేసుకుంటున్నాడు. నా మొహం చూడగానే లేచి సెట్టు దగ్గరికి నడిచాడు.

"డబ్బాలో గొట్టం బిళ్ళలు మా ఆయన్ని మింగొద్దని చెప్పు మావయ్యా" అన్నాను.

ఆయన రెండు మూడుసార్లు పిలిచాక బరబరమంటూ జవాబొచ్చింది. బోటు హంసలదీవికి ఎదురుగా ఉందట.

"మింగలేదంట" అన్నాడు మావయ్య నా వైపు తిరిగి. దేవుడికి దండం పెట్టుకునే లోపే సెట్టు మళ్ళీ మాట్లాడింది. మావయ్య మొహం మారిపోయింది.

"మింగలేదు గానీ, గొట్టం ఇప్పి పొడి పుండు మీద చల్లుకున్నాడంట. చెయ్యంతా దద్దుర్లంట. కళ్ళు వాస్తున్నాయంట."

గొట్టం విప్పి పొడి చల్లడం మా వాళ్ళకి కొత్త కాదు. తెగినా, కాలినా, ముల్లు గుచ్చుకున్నా అదే వైద్యం. ఆ మందు పడని మనిషి కూడా అదే చేస్తాడని నాకు తట్టలేదు. డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"మంచినీళ్ళతో పొడంతా కడిగెయ్యమనండి. డబ్బాలోంచి ఇంకే బిళ్ళా ఇవ్వొద్దు. బందరు దాకా రావద్దు, దగ్గర్లో ఏ ఒడ్డుంటే అక్కడ దింపి ఆసుపత్రికి తీసుకెళ్ళమనండి. ఆలస్యం చెయ్యకూడదు" అంది.

మావయ్య అదంతా సెట్టులో చెప్పాడు. వేసిన వల అక్కడే వదిలేసి రమ్మన్నాడు. హంసలదీవి దగ్గర ఒడ్డుకి చేర్చి, ఆటోలో అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళేట్టు మాట్లాడాడు.

అత్తా, నేనూ అవనిగడ్డ బస్సెక్కాం. దారంతా నేను అత్తని తిడుతూనే ఉన్నాను. "సగం మందు ఆపమని నీకెవరు చెప్పారు? మిగిలింది ఊరికి పంచమని ఎవరు చెప్పారు?" అని బస్సులో అందరూ వింటుండగానే అడిగాను. ఎదురు చెప్పకుండా ఏనాడూ ఊరుకోని మనిషి కిటికీలోంచి వరిచేల వంక చూస్తూ కూర్చుంది. తిట్టడం ఆపితే ఏడుస్తానని నాకు భయం. చల్లపల్లిలో బస్సు ఎంతకీ కదల్లేదు. డ్రైవరు టీ తాగుతుంటే కిందికి దిగి, వెళ్దాం బాబూ అని చేతులు జోడించాను. ఊపిరి అందక ఆయన గొంతు పట్టుకున్న ఆ గుడివాడ రోజే కళ్ళ ముందు కనపడుతోంది.

బస్సు కదిలాక మావయ్య ఫోన్ చేశాడు. "ఆసుపత్రికి చేరాడమ్మా. ఇంజక్షన్ చేశారంట. మాట్లాడుతున్నాడంట" అన్నాడు. ఎవరి పక్కన ఉన్నానో కూడా మర్చిపోయి అత్త భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను.

మేం వెళ్ళేసరికి ఆయన మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెప్పలు ఇంకా ఉబ్బే ఉన్నాయి. చెయ్యి మోచేతి దాకా ఎర్రగా ఉంది. అక్కడి డాక్టరుగారు కోప్పడుతున్నారు.

"ఈ మందు పడదని తెలుసుగా, ఎందుకు వాడావయ్యా?"

"నేను మింగలేదండీ. మింగొద్దన్నారని మింగలేదు."

"పచ్చి పుండు మీద చల్లితే అది లోపలికి పోదా? మింగినా, చల్లినా, పడని మందు పడదు. ఇంకాసేపు ఆలస్యమైతే మాకు పనుండేది కాదు."

సాయంత్రం నేను తెచ్చిన ఇడ్లీ అత్త తిన్నాక, డాక్టరమ్మ రాసిచ్చిన గొట్టం ఆవిడ చేతిలో పెట్టాను. దాన్ని చూసి పాముని చూసినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. గొట్టం కింద పడింది.

"నా కొడుకుని చంపబోయింది ఇదే. నేను ముట్టుకోను. కాలు తీసేసినా సరే."

నేను ఎంత చెప్పినా వినలేదు. డాక్టరుగారు చెప్పినా వినలేదు. మంచం మీద నుంచి ఆయన పిలిచాడు. "అమ్మా, ఇటు రా."

వెళ్ళింది. ఆయన అట్టలోంచి ఇంకో గొట్టం తీయించుకుని, వాపు లేని చేత్తో దాన్ని పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఒంటికి దూరంగా చాపి ఉంచాడు. దాన్ని తాకాలన్నా ఆయనకి భయమే అని అప్పుడు తెలిసింది నాకు.

"ఇది నాకే పడదమ్మా. నీకు పడింది గదా. ఏసుకో. అట్టలో ఒక్కటి కూడా మిగలకూడదు."

అత్త కొడుకు మొహంలోకి చూస్తూ నోరు తెరిచింది. ఆయన నోట్లో వేశాడు. నేను నీళ్ళు పట్టాను. మింగేసింది.

"చెయ్యి కడుక్కో" అని నేను అంటున్నా వినిపించుకోలేదు. తల్లి గొంతు వైపే చూస్తున్నాడు.

"ఊపిరి ఆడుతుందా అమ్మా?"

"ఆడుతుందిరా."

కాసేపాగి మళ్ళీ అడిగాడు.