ఆగండిగారింట్లో ఖాళీ సాకెట్

మా ఎదురింటాయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, దానితో వీధిలో ఎవరికీ పనిపడలేదు. అందరికీ ఆయన ఆగండిగారే. మూల మీద కంప్యూటర్ల కొట్టు ఆయనది. ఎవరైనా కొత్త కంప్యూటర్ కట్టించుకుందామని వెళ్తే కుర్చీ చూపించి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, మొట్టమొదట అనే మాట "ఆగండి." ఆ తర్వాత, "ఇప్పుడు కొంటే మూడు నెలలకు ఏడుస్తారు. రాబోయేది దీనికి రెట్టింపు వేగమట" అనేవారు. కొట్టు తెరుచుకుని కూర్చుని వచ్చిన బేరాన్ని వెనక్కి పంపే మనిషిని నా అరవై తొమ్మిదేళ్లలో ఆయన్ని ఒక్కరినే చూశాను.

ఆయన తండ్రి గడియారాలు బాగుచేసేవారు. ఆ చెయ్యే కొడుక్కీ వచ్చింది. మొదట టైపు మిషన్లు, అవి పోయాక కంప్యూటర్లు. అసలీ ప్రాసెసర్ అంటే ఏమిటో చెప్పమని ఒకరోజు నేను పట్టుబడితే, అరచేతిలో పెట్టి చూపించారు. బిస్కెట్టంత పలక.

"లెక్కంతా చేసేది ఇదే పిన్నీ. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే."

"మా ఇంట్లో అయితే అది నేనే" అన్నాను.

"అంతే మరి. వేడెక్కేది కూడా ఇదే" అన్నారు, నవ్వకుండా.

ఐదో తరగతితో ఆగిపోయిన చదువు నాది. అయినా ఏదైనా తెలియకపోతే నాకు అన్నం సయించదు. రోజూ సాయంత్రం కొట్టు మెట్టెక్కి, "ఏం కబురొచ్చింది నాయనా?" అని అడిగేదాన్ని. ఆయనకు అదే పండగ. ఎక్కడో ఎవరో రాబోయే ప్రాసెసర్‌ను చాటుగా పరీక్షించి అంకెలు బయటపెట్టారని ఒకరోజు, ఆ అంకెలు ఉత్తవని మర్నాడు, కాదు నిజమేనని ఆ మర్నాడు చెప్పేవారు. చూడని పిల్లకు పెళ్లిమాటలు నడిపినట్టు ఉండేది మా ఇద్దరి వరస.

ఆయన భార్య పెళ్లికి ముందు నుంచీ భవనాల ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేసింది. బల్ల మీద పెద్ద కాగితం పరిచి, స్కేలు ఆనించి, పెన్సిలుతో గీత గీస్తే వెంట్రుక వాసి తేడా ఉండేది కాదు. అత్తగారికి పక్షవాతం వచ్చి మంచం పట్టాక ఆ పని మానేసింది. పదకొండేళ్లు ఆవిడను పక్కకు తిప్పడం, తుడవడం, చెంచాతో గంజి పట్టడం. ఆవిడ పోయిన ఏడాదికి పాత ఆఫీసులోని ఇంజనీరమ్మ కబురు పెట్టింది. ఇప్పుడు గీతలన్నీ కంప్యూటర్లోనే, నేర్చుకుంటే పని చూస్తానని. నలభై ఆరేళ్ల వయసులో ఆ అమ్మాయి పొద్దున్నే లేచి, కొట్టు తెరిచే వేళ దాకా, కొట్టులో ఉన్న పాత కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకుంది.

"నీకు ఇంట్లోనే మంచిది కట్టి పెడతాను" అని ఆగండిగారు మాటిచ్చారు. వారంలో కట్టారు కూడా. పెట్టె, అందులో అన్నిటినీ కలిపే బోర్డు, ఫ్యాన్లు, తెర అన్నీ అమర్చారు. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మాత్రం ఖాళీగా వదిలేశారు. రెండు నెలల్లో కొత్తది వస్తుందట, ఈ బోర్డులోనే కూర్చుంటుందట.

"అప్పటిదాకా ఏదో ఒకటి పెట్టరాదూ?" అన్నాను.

"పదకొండేళ్లు మా అమ్మకు చేసింది పిన్నీ. తనకు ఏదో ఒకటి పెట్టనా?"

ఆ మాటకు నా కళ్లు చెమర్చాయి.

రెండు నెలలు నాలుగయ్యాయి. నాలుగు ఏడయ్యాయి. ముందుగది మూల బల్ల మీద దుప్పటి కప్పుకుని ఆ పెట్టె అలాగే ఉంది.

"ఏమమ్మాయ్, ఇంకా నెలలు నిండలేదా?" అని నేను వేళాకోళమాడితే, "తొమ్మిది దాటనివ్వకండి అత్తయ్యగారూ, మీ అబ్బాయికి మీరే చెప్పాలి" అనేది. నవ్వుతూనే అనేది. ఆ నవ్వు పెదాలు దాటి రాలేదని నాకు తర్వాత తెలిసింది.

అంతలో ఇంజనీరమ్మ పరీక్షగా ఒక పని పంపింది. మూడంతస్తుల బడి, ఇరవై రెండు షీట్లు, ఇరవై రోజులు. వేళకు అందిస్తే ఉద్యోగం, లేదంటే వరుసలో ఇంకొకావిడ ఉంది. అమ్మాయి కొట్టులో కూర్చుని మొదలుపెట్టింది. చిన్న గదుల దాకా ఆ పాత కంప్యూటర్ బాగానే లాక్కొచ్చింది. మెట్లు, పైకప్పు వచ్చేసరికి తెర బిగుసుకుపోయేది. అది మళ్లీ కదిలే లోపు కొట్టు తెరిచే వేళయ్యేది, ఆ తర్వాత అది కొట్టు పనికి కావాలి. పదమూడు రోజులకు పది షీట్లు అయ్యాయి.

పదమూడో రోజు మధ్యాహ్నం కొత్త ప్రాసెసర్ వచ్చింది. నేనెందుకు ఆగుతాను, వెళ్లాను. ఆగండిగారు చేతులు కడుక్కుని, రెండుసార్లు తుడుచుకుని, పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. సాకెట్ మీది చిన్న ఇనుప మీట ఎత్తి, పలకను అంచులు పట్టుకుని దించారు. కూర్చోలేదు. తిప్పి దించారు. కూర్చోలేదు. వెలుతురులో పెట్టి అడుగున మెరిసే చుక్కల వరసను చూశారు.

"దీని చుక్కలే వేరు" అన్నారు నెమ్మదిగా. "ఈ బోర్డుకు కాదిది."

"మరి దాని బోర్డు?" అన్నాను.

"ఇంకా రాలేదు పిన్నీ. రెండు నెలలట."

అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ అమ్మాయి అడిగింది: "ఈ బోర్డులో కూర్చునేది అసలేదీ లేదా అండీ?"

ఆయన పలకను మళ్లీ దాని డబ్బాలో పెట్టారు. "ఉంది. కొట్టు సొరుగులో. ఒకాయన పెద్దది వేయించుకుని, తన పాతది వదిలేసి వెళ్లాడు."

"ఎప్పటి నుంచి ఉంది?"

"బోర్డు కొన్న వారం నుంచి."

అరుస్తుందనుకున్నాను, అరిచినా బాగుండేది.

"తీసుకురండి" అంది.

"అది మరీ చిన్నరకం. నీ పనికి..."

"తీసుకురండి."

ఆయన చెప్పులైనా వేసుకోకుండా వెళ్లారు. అరగంటలో తెర వెలిగింది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. పెద్ద షీటు తెరిచినప్పుడు కాస్త తటపటాయించేది గానీ బిగుసుకుపోలేదు. ఆ ఏడు రోజులూ వాళ్ల వంట నేనే చేశాను. కంచం పక్కన పెడితే ఎడంచేత్తో పని చేస్తూ కుడిచేత్తో తినేది. ఆగండిగారు కొట్టు మూసేసి గుమ్మంలో కూర్చున్నారు, పిలిస్తే పలకడానికి. ఆమె పిలవలేదు.

గడువు రోజున పంతొమ్మిది షీట్లు వెళ్లాయి. మూడు మిగిలాయి.

ఇంజనీరమ్మ ఫోన్ చేసింది. గీతలో వంక పెట్టడానికేమీ లేదట. కానీ బడివాళ్లు ఆగరు కనుక, మిగిలిన మూడూ ఆ రెండో ఆవిడ చేత గీయించారట. ఉద్యోగం ఆవిడకే ఇచ్చారట. విడి పనులేవైనా ఉంటే పంపుతానంది. "అలాగేనమ్మా, తప్పకుండా" అని ఫోన్ పెట్టేసి, అమ్మాయి వంటింట్లోకి వెళ్లి, నేను కడిగి బోర్లించిన గిన్నెలన్నీ మళ్లీ కడిగింది.

మర్నాడు ఆగండిగారు వచ్చి మా మెట్ల మీద కూలబడ్డారు.

"తను నన్నొక్క మాట అనలేదు పిన్నీ."

"అనమని అడుగు."

"అడిగాను. 'మీరు నా మంచికే చేశారు' అంది. అదే తట్టుకోలేకపోతున్నాను."

"ఏడు నెలలు రోజూ నీ కొట్టుకొచ్చి ఆ పలక కబురే అడిగాను నాయనా. ఎదురింట్లోనే ఉండి, నీకెంత తొందరగా కావాలమ్మా అని ఆ పిల్లనొక్కసారి అడగలేదు. నేను మాత్రం నీకేం చెప్పను?" అన్నాను.

రెండు నెలలకు ఆ బోర్డులు వచ్చాయి. ఆయన ఒకటి తెచ్చి, డబ్బా విప్పకుండా చేత్తో పట్టుకుని భార్య వెనక నిలబడ్డారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆమె ఎవరిదో రెండు గదుల ఇల్లు గీస్తోంది.

"ఇది మార్చేదా?" అని అడిగారు.

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. "ఈ కుర్చీ ఎత్తు తగ్గించండి. నడుం లాగేస్తోంది."

ఆయన డబ్బా కింద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని కుర్చీ మర తిప్పారు. "చాలా?"

"ఇంకొంచెం."

ఆయన ఇంకొంచెం తిప్పారు.