బట్టీ గోడ ముందు ఎర్ర గుడ్డలు

ఇది అబద్ధమైతే... పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన వీధికుక్కకు గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు చూడండి, అట్లా నా చెవి కూడా కత్తిరించండి. అడ్డు చెప్పను. కానీ చివరిదాకా వినండి. మధ్యలో నవ్వినవాళ్ళకు చాయ్ ఇప్పించను.

శాలిబండలో మా కుక్కల షెల్టర్ ఉంది కదా, నేను అక్కడ రాత్రి కాపలా. ఆ చోటు ఒకప్పుడు బేకరీ. మూతపడి ఎన్నేళ్ళయిందో నాకే తెలియదు. బిస్కెట్లు కాల్చిన బట్టీ ఇప్పటికీ వెనక గోడలోనే ఉంది. దాని నోటికి ఇటుకలు పెట్టి సిమెంటు పూసేశారు. ఆ గోడ ముందే మా బోన్లు.

ఆపరేషన్‌కు ముందు రాత్రి కుక్కకు ఏమీ పెట్టకూడదు. కడుపులో తిండి ఉంటే మత్తులో వాంతి చేసుకుంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. అందుకని అలాంటి బోనుకు ఎర్ర గుడ్డ కడతాం. మా వ్యాన్ డ్రైవర్ సలీం భాయ్ ఆ గుడ్డ కడుతూ ప్రతిసారీ అదే మాట. "యాదన్నా, ఇయ్యాల వీళ్ళకు రోజా, ఉపాసం. వీళ్ళ ముంగట కూసొని తినకు, పాపం తాకుతది."

ఆ రాత్రి అయిదు ఎర్ర గుడ్డలు. అయిదోది రాణికి.

రాణి సంగతి చెప్పాలి. ఒంటికన్నుది. ఏడాదిగా మా దగ్గరే ఉంది. బక్కగా ఉందని మా డాక్టరమ్మ దాని ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చింది. పెంచుకుంటామని వచ్చినవాళ్ళంతా దాన్ని చూసి "అయ్యో" అని, పక్క బోనులో తెల్ల కుక్కపిల్లను తీసుకుపోయేవాళ్ళు. చివరికి సంతోష్‌నగర్ నుంచి ఒక టీచరమ్మ వచ్చి "నాకు ఇదే కావాలె" అంది. నాకు ఏడుపొచ్చింది. కానీ ఆమెది అద్దె ఇల్లు. ఓనర్ షరతు పెట్టాడు... ఆదివారంలోగా ఆపరేషన్ అయిన కుక్క వస్తే సరే, లేకపోతే కుక్క మాటే ఎత్తొద్దని. మా డాక్టరమ్మ ఆపరేషన్లు చేసేది వారానికి ఒక్క శుక్రవారమే. నేను చెప్పేది గురువారం రాత్రి సంగతి.

పదిన్నరకు గేటుకు తాళం వేశాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. కుర్చీలో కూర్చున్నాను. నిద్రపోలేదు. మా ఇంటావిడ నమ్మదు గానీ, పోలేదు.

రెండు దాటింది. కుక్కలున్న చోట రాత్రి ఎట్లా ఉంటుంది? ఒకటి గోక్కుంటుంది, ఒకటి మూలుగుతుంది, బయట ఆటో పోతే అన్నీ కలిసి లొల్లి చేస్తాయి. అలాంటిది... ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి.

ముందు వాసన. వెన్న... యాలకులు... అప్పుడే పొయ్యిలోంచి తీసిన వాసన.

తరవాత చప్పుడు.

కరుక్.

ఆగింది...

కరుక్... కరుక్.

టార్చి పట్టుకుని లేచాను. వెలుగు గోడంతా తిప్పాను. "కౌన్ హై?" అన్నాను. పాతబస్తీలో దయ్యాన్నైనా ముందు ఉర్దూలోనే అడగాలి కదా. తరవాత తెలుగులో, "ఎవర్రా అది?" అన్నాను.

అయిదు కుక్కలూ బడిపిల్లల్లా బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. అన్నీ బట్టీ గోడ వైపే చూస్తున్నాయి. అక్కడ ఎవరూ లేరు. కానీ తోకలు... అయిదు తోకలూ ఊగుతున్నాయి. టప్... టప్... టప్... బోను రేకులకు కొట్టుకుంటున్నాయి. మొరిగి ఉంటే ఇంత భయపడేవాణ్ణి కాదు. పట్టుకొచ్చిన రోజు నుంచి మనిషి కనిపిస్తే పళ్ళు నూరే నల్లది ఒకటుంది, అది కూడా తోక ఊపుతోంది!

రాణి మాత్రం నములుతోంది.

దాని బోను ముందు నేల మీద బిస్కెట్ ముక్క. వంగి తీశాను. వేడిగా ఉంది. ఒట్టండీ... చేతిలో వేడిగా ఉంది.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను, తిట్టకండి. అది బిస్కెట్టా, నా భ్రమా? తేల్చుకోవాలి కదా. నోట్లో వేసుకున్నాను. ముందు తీపి... చివర్న కాస్త ఉప్పు. అంత మంచి బిస్కెట్ నా జన్మలో తినలేదు. మింగేశాక గుర్తొచ్చింది, నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటేనని.

గేటు చూశాను. తాళం వేసినట్టే ఉంది. మొలతాడు తడుముకున్నాను. తాళంచెవీ ఉంది. హనుమంతుణ్ణి తలుచుకున్నాను. సలీం భాయ్ చదివే దువా కూడా వచ్చినంత వరకు చదివాను. ఎందుకైనా మంచిదని.

తెల్లారేదాకా ఒకటే గుంజాటన. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. రాణి ఆదివారానికి ఇల్లు చేరుతుంది. లేదా ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోతుంది. నోరు తెరిస్తే దాని ఇల్లు పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది.

పొద్దున డాక్టరమ్మ చెప్పులు విప్పకముందే చెప్పేశాను. "మేడమ్, రాణి తిన్నది. మిగతయి గూడ తిన్నయో ఏమో."

"ఎవరు పెట్టిండ్రు?"

"గోడ."

ఆమె దగ్గరికి వచ్చి నా మొహం చూసింది. "యాదగిరీ, నీ మీసాలకు బిస్కెట్ పొడి ఉన్నది."

సలీం భాయ్ తల పట్టుకున్నాడు. "అరే, రోజా ఉన్నోళ్ళ ముంగట తినకంటె... వాళ్ళకు తినిపిచ్చి నువ్వు గూడ తిన్నవా భాయ్?"

కడుపునిండా తిట్లు తిన్నాను. ఆ రోజు ఆపరేషన్లన్నీ రద్దు. రాణి బోను ముందు కూలబడి దానికి క్షమాపణ చెప్పుకున్నాను.

మధ్యాహ్నానికి అది వణకడం మొదలుపెట్టింది. ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరమ్మ రక్తం తీసి పరీక్షకు పంపింది. సాయంత్రం కాగితం వచ్చింది. టిక్ ఫీవర్, పిడుదుల వల్ల వచ్చే జ్వరం. రక్తం గడ్డకట్టే గుణం బాగా తగ్గిపోయిందట.

"పొద్దున కోసుంటే రక్తం ఆగకపోతుండె యాదగిరీ," అంది డాక్టరమ్మ. మళ్ళీ నా మీసాల ఊసెత్తలేదు.

భయపడుతూ టీచరమ్మకు ఫోన్ చేశాను. "ఓనర్‌తోని లొల్లి నేను పడత అన్నా. అది బతకాలె, గంతే," అంది.

బతికింది. జ్వరం తగ్గి, ఒళ్ళు చేసి, ఆపరేషనై, చెవి కొస కత్తిరించుకుని మరీ సంతోష్‌నగర్ పోయింది. వ్యాన్ ఎక్కేముందు బట్టీ గోడ దగ్గరికి ఉరికి తోక ఊపింది. నా దగ్గరికి ఆ తరవాతే వచ్చింది. కాస్త రోషం వచ్చింది నాకు.

సలీం భాయ్ ఇప్పటికీ నేనే పెట్టానంటాడు. డాక్టరమ్మ ఎలుకలు తెచ్చి ఉంటాయంటుంది. ఎలుకలు బిస్కెట్లు వేడి చేసి తెస్తాయా? నేను మాత్రం ప్రతి గురువారం రాత్రి ఆ గోడకు చెప్తాను. "భాయ్, ఇయ్యాల పిల్లలకు రోజా. ఏం పెట్టకు." ఎవరో గానీ, మాట వింటున్నారు. ఎర్ర గుడ్డల ముందు మళ్ళీ పొడి కూడా రాలలేదు.

కాకపోతే మొన్న గురువారం, రెండు దాటాక... మళ్ళీ ఆ వాసన. టార్చి వేశాను. బోన్ల ముందు ఏమీ లేదు. కుక్కలన్నీ నిద్రలో ఉన్నాయి. వెనక్కి తిరిగాను... నా కుర్చీ చేతి మీద, ఒకే ఒక్క బిస్కెట్.

అది ఎవరో, ఏమిటో నాకు తెలియదు. ఈసారి సాక్ష్యం పోగొట్టకూడదని, జేబులో పెట్టుకొచ్చి మీకు చూపిద్దామనే అనుకున్నాను. కానీ... వేడిగా ఉంది కదా.